తొండం, రాయి, అద్దం

హోసూరుకు చేరువలోని అత్తిముగంలో ఐరావతేశ్వరుడి గుడి ఉంది. పాలకడలిని చిలికినప్పుడు పుట్టిన ఏనుగు పేరు ఈ దేవుడి పేరులో ఉంది కానీ, ఆ చుట్టుపక్కల ఎంత దూరం వెళ్ళినా కడలి కనిపించదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఇది. రాగి చేలు, చింతచెట్లు, గుండ్రాళ్ళ గుట్టలు, వాటి మధ్య చెరువులు. ఇళ్ళలో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం. ఇక్కడ కురిసిన వాన సముద్రాన్ని చేరాలంటే దక్షిణ పినాకినిలో కలిసి, కృష్ణగిరి ఆనకట్ట దాటి, కడలూరు దాకా ప్రయాణం చెయ్యాలి.

సముద్రం లేదు కానీ, ఒళ్ళంతా నీళ్ళలో ముంచి ఊపిరి మాత్రం పైనుంచి పీల్చుకునే విద్య తెలిసిన జీవి ఇక్కడ ఉంది. ఏటా రాగి పంట చేతికొచ్చే వేళకు బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల మందలు బయల్దేరి, జవళగిరి, తళి, డెంకణికోట మీదుగా సానమావు అడవి దాకా వస్తాయి. రైతులకు అవి నిద్రలేని రాత్రులు. టపాకాయలు, డప్పులు, మంటలతో కావలి కాస్తారు. పంటలు పోతాయి, కొన్నిసార్లు ప్రాణాలూ పోతాయి. ఆ బాధను తక్కువ చేసి చెప్పడానికి లేదు. 1980లలో ఇటువైపు నుంచే కొన్ని మందలు చిత్తూరు జిల్లాలోకి దాటాయి. సుమారు రెండు వందల ఏళ్ళ తర్వాత ఆంధ్రలో అడవి ఏనుగులు మళ్ళీ కనిపించింది అప్పుడే. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

ఆ మందలు పగటిపూట చెరువులో దిగినప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. లోతుకు పోయేకొద్దీ ఏనుగు వీపు మునుగుతుంది, కుంభస్థలం మునుగుతుంది, చివరికి తొండం కొస ఒక్కటే పైన మిగులుతుంది. దాంతోనే గాలి పీల్చుకుంటూ అవతలి ఒడ్డుకు చేరుతుంది.

ఈ దృశ్యం 2,300 ఏళ్ళ కిందట అరిస్టాటిల్‌ను కూడా ఆలోచనలో పడేసింది. జంతువుల అవయవాల గురించి రాసిన గ్రంథంలో ఆయన, సముద్రంలో దిగే మనుషులు పైనుంచి గాలి పీల్చుకోవడానికి ఒక సాధనం వాడతారనీ, ప్రకృతి ఏనుగుకు పొడవాటి ముక్కు ఇచ్చింది కూడా అలాంటి పనికేననీ వివరించాడు. అంటే ఆ రోజులకే గ్రీకు తీరాల్లో గొట్టంతో ఊపిరి పీల్చే మునకగాళ్ళు ఉన్నారు. ఇప్పుడు మనం స్నార్కెల్ అంటున్న వస్తువు గురించి మిగిలిన అతి పాత రాతల్లో ఇదొకటి. అందులో మనిషి పక్కన ఏనుగు ఉండడం హోసూరు వైపు పాఠకులకు సంతోషం కలిగించే విషయం.

ఏనుగుకు ఇది ఎలా సాధ్యమన్నది ఈ మధ్యదాకా ఎవరికీ సరిగా తెలియదు. నీళ్ళలో ప్రతి మీటరు లోతుకూ ఛాతీ మీద పదో వంతు వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. గొట్టంలోంచి వచ్చే గాలి మాత్రం పైనున్న మామూలు పీడనంలోనే ఉంటుంది. ఈ తేడా వల్ల ఊపిరితిత్తుల చుట్టూ ఉండే సన్నని పొరల్లోని రక్తనాళాలు చిట్లిపోవాలి. 1999లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఏనుగు పిండాల మూత్రపిండాల్లో నీటి జీవులకు ఉండే నిర్మాణాలను గుర్తించి, దాని పూర్వీకులు నీళ్ళలో బతికి ఉంటాయని ప్రతిపాదించారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో జాన్ వెస్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త అసలు కీలకాన్ని వివరించాడు. మనకు ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఏనుగుకు ఆ ఖాళీ లేదు, ఆ చోటంతా కణజాలం నిండి ఉంటుంది. ఎవరెస్ట్ శిఖరం మీద మనిషి ఊపిరి ఎలా ఆడుతుందో కొలిపించిన శాస్త్రవేత్తే ఏనుగు నీటి ఊపిరి గుట్టు కూడా విప్పడం విశేషం.

ఏనుగు చెరువుతో ఆగదు. అండమాన్‌లో కలప కొట్టించిన పి.సి. రే కంపెనీ 1962లో మూతపడ్డప్పుడు సుమారు 40 ఏనుగులను ఇంటర్‌వ్యూ దీవిలో వదిలేసి పోయింది. అవి అడవి ఏనుగులైపోయాయి, దీవి నుంచి దీవికి ఈదడం మొదలుపెట్టాయి. హావ్‌లాక్ దీవిలో రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదే దృశ్యాలు ప్రపంచమంతా సినిమాల్లో, ఫొటోల్లో చూసింది. రాజన్ 2016లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడు జూలైలో శ్రీలంక ఈశాన్య తీరంలో కొక్కిళాయికి దూరంగా, నడిసముద్రంలో, తొండం పైకెత్తి ఊపిరి పీలుస్తూ కొట్టుకుపోతున్న ఏనుగు నౌకాదళం కంటపడింది. తాళ్ళు కట్టి ఒడ్డుకు చేర్చడానికి పన్నెండు గంటలు పట్టింది.

శ్రీలంక ఏనుగులు మన తీరానికి కొత్తవి కావు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానులకు, వాళ్ళ అమీర్లకు ఏనుగులు కావలసి వస్తే సింహళం నుంచి, తెనాసరిం నుంచి, అరకాన్ నుంచి ఓడల్లో తెప్పించేవారు. జాఫ్నా దగ్గర కైట్స్ రేవులో వాటిని ఓడ ఎక్కించేవారు. 1670లలో బంగాళాఖాతం తీరాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ ఓడలను చూశాడు. ఒక్కో ఓడలో 14 నుంచి 26 ఏనుగులు వచ్చేవని రాసి పెట్టాడు. అంత బరువు మోసే ఓడలు ఎంత గట్టివై ఉండాలో కూడా ఆశ్చర్యపడ్డాడు. గోదావరి పాయ ఒడ్డున నరసాపురంలో ఓడలు కట్టే వడ్రంగుల పనితనాన్ని అతను మెచ్చుకున్నాడు. మచిలీపట్నం చరిత్ర అనగానే కలంకారీ, వజ్రాలు గుర్తుకొస్తాయి. ఓడ దిగి బందరు నేల మీద మొదటి అడుగు వేసిన ఏనుగులను కూడా గుర్తుపెట్టుకోవాలి.

పరాయి తీరంలో మొదటి అడుగు అనేసరికి మోటుపల్లి శాసనం తలపుకు రాక మానదు. ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ తీరాన్ని ఏలే రాజు దాన్ని లాక్కోవడం అప్పటి ఆనవాయితీ. 1244లో కాకతీయ గణపతిదేవుడు ఆ పద్ధతి తన రాజ్యంలో చెల్లదన్నాడు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోరాదని రాయి మీద చెక్కించాడు. సుంకం కట్టవలసిన సరుకుల్లో గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలతో పాటు ముత్యాలు, పగడాలు ఉన్నాయి. పగడం గురించి కాకతీయుల రేవులో లెక్క ఉంది. అది నీళ్ళ కింద ఎలా ఉంటుందో చూసినవాళ్ళు మాత్రం ఆ రేవులో ఎవరూ ఉండి ఉండరు. తెలుగు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రుతో, మంచినీటితో తీరపు జలాలు మసకబారి ఉంటాయి. పగడానికి వెలుతురు కావాలి, తేట నీళ్ళు కావాలి. తెలుగువాడు పగడాన్ని బతికుండగా చూడాలంటే మన్నారు సింధుశాఖకో, లక్షదీవులకో, అండమాన్‌కో, విదేశానికో పోక తప్పదు.

గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి పాలన గురించి మోటుపల్లి దగ్గర విని రాసుకున్న మార్కో పోలో, మన్నారు సింధుశాఖలో ముత్యాల వేట గురించి కూడా రాశాడు. ఏప్రిల్ నుంచి మే నడిమి దాకా వేట. దొరికినదాంట్లో రాజుకు పదో వంతు. సొరచేపలు మునకగాళ్ళ మీదికి రాకుండా మంత్రం వేసేవాళ్ళకు ఇరవయ్యో వంతు. ఇంకా వెనక్కి పోతే, మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి గైడు ‘పెరిప్లస్’ కొర్కై దగ్గర ఈ పనికి శిక్షపడ్డ ఖైదీలను దింపేవారని చెబుతుంది. నీళ్ళ కిందికి పోవడం అప్పట్లో శిక్ష. మధుర నాయకుల కాలానికి పరవ కులస్థులు ఈ పనిలో ఆరితేరారు. తెలుగువాళ్ళైన ఆ నాయకులకు ముత్యాల వేటలో తమ హక్కుగా వాటా ముట్టేది. వాటా లెక్కలు రాళ్ళలో ఉండేవి, అంటే ఎన్ని మునక రాళ్ళు ఎవరి పేర దిగుతాయో దాన్నిబట్టి.

ఆ రాయి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పదిహేను కిలోలకు పైగా బరువుండే రాయికి తాడు కట్టి పడవ పక్కన వేలాడదీస్తారు. మునకగాడు దాని మీద పాదం పెట్టి నిలబడతాడు. మరో తాడుకు బుట్ట లేదా వల కట్టి ఉంటుంది. గుండెల నిండా గాలి పీల్చి, వేళ్ళతో ముక్కు మూసుకుని సైగ చేస్తాడు. పైనున్న సహాయకుడు తాడు వదులుతాడు. రాయి బరువుకు ఎనిమిది, పది బారల లోతుకు క్షణాల్లో చేరతాడు. రాయి వదిలేస్తే దాన్ని పైకి లాగేసుకుంటారు. నిమిషం అటూ ఇటూగా ఉండే ఆ వ్యవధిలో అడుగున పాకుతూ, చేతికందిన చిప్పలన్నీ బుట్టలో వేసి తాడు లాగుతాడు. పైకి వచ్చి, ఊపిరి తీసుకుని, మళ్ళీ రాయి మీద పాదం పెడతాడు. ఇలా రోజుకు కొన్ని పదుల సార్లు. చెవుల్లోంచి, ముక్కులోంచి రక్తం రావడం ఈ పనిలో మామూలు. బ్రిటిషు కాలంలో మునకగాళ్ళకు తాము తెచ్చిన చిప్పల్లో మూడో వంతు దక్కేది. మిగతా రెండు వంతులు ప్రభుత్వానివి. మునకగాళ్ళ ధైర్యం నిలబడాలని సొరచేపల మంత్రగాడికి ప్రభుత్వమే జీతమిచ్చేది.

1905లో శ్రీలంక వైపు మరిచ్చుకట్టి దగ్గర జరిగిన వేటలో 8 కోట్లకు పైగా చిప్పలు తీశారు. సర్కారుకు 25 లక్షల రూపాయలు దాటి వచ్చాయి. ఇసుక మేట మీద వేల మందితో తాత్కాలిక పట్నమే వెలిసింది. ఆ తర్వాత చిప్పలు తగ్గిపోయాయి. మన వైపు తూత్తుకుడిలో 1955లో మళ్ళీ మొదలైన వేట 1961తో ఆగింది.

ఈ మునకగాళ్ళ గురించి చదివేటప్పుడు ఒక విషయం మనసును పట్టుకుంటుంది. వీళ్ళు వందల ఏళ్ళపాటు, తరం తర్వాత తరం, మన్నారు అడుగున తిరిగారు. అక్కడున్న దాన్ని ఒక్కసారి కూడా తేటగా చూడలేదు. కారణం కంటి నిర్మాణంలో ఉంది. గాలిలోంచి వచ్చే వెలుతురు కంటి ముందుపొర మీద పడి వంగుతుంది. చూపులో మూడింట రెండు వంతుల పని ఆ వంపుదే. నీటికీ ఆ పొరకూ వెలుతురును వంచే గుణం దాదాపు ఒకటే కాబట్టి, నీళ్ళలో కళ్ళు తెరిస్తే ఆ పని జరగదు. అంతా మసక. రంగులు అలికినట్టుంటాయి, అంచులు ఉండవు. ముత్యపు చిప్పను చేత్తో తడిమి పట్టుకోవాలే తప్ప దాని పక్కన తిరిగే చేప మీది చారలు కనపడవు. థాయ్‌లాండ్, బర్మా తీరాల్లో పడవల మీద బతికే మోకెన్ పిల్లలు కనుపాపలను బాగా చిన్నవి చేసుకుని నీళ్ళ కింద యూరప్ పిల్లలకు రెట్టింపు తేటగా చూడగలరని 2003లో స్వీడన్ పరిశోధకురాలు అన్నా గిస్లెన్ నిరూపించింది. అది చిన్నప్పటినుంచీ అలవాటైన నేర్పు. మిగతా మనుషులకు కంటి ముందు పల్చటి గాలి పొర ఒకటి కావాలి.

ఆ గాలి పొరను నిలపడానికి మనిషి చాలాకాలం తంటాలు పడ్డాడు. పర్షియా సింధుశాఖలో మునకగాళ్ళు తాబేటి డిప్పతో చేసిన ముసుగు మొహానికి పెట్టుకునేవారని ఇబ్న్ బతూతా రాశాడు. అరబ్బు మునకగాళ్ళు ముక్కుకు కొమ్ముతో చేసిన క్లిప్పు పెట్టుకునేవారు. హైదరాబాద్ పత్తర్‌గట్టి దుకాణాల్లో తరతరాలుగా అమ్మిన బస్రా ముత్యాలు ఆ క్లిప్పుల వాళ్ళు తీసినవే. ఇటలీలో లియొనార్డో డావిన్చి తోలు, వెదురు గొట్టాలతో ఊపిరి సాధనాల బొమ్మలు గీశాడు. ఎక్కువ పొడవున్న గొట్టం పెట్టుకుంటే లోతుకు పోవచ్చునని చాలామంది అనుకున్నారు. అది ప్రాణాంతకమైన పొరపాటు. 1911లో ఆస్ట్రియా శాస్త్రవేత్త రాబర్ట్ స్టిగ్లర్ తన మీదే ప్రయోగం చేసుకుని, రెండు మీటర్ల లోతులో గొట్టంతో పీల్చబోయి గుండెకు హాని తెచ్చుకున్నాడు. మనిషి ఛాతీ ఏనుగు ఛాతీ కాదు. అందుకే ఇప్పటి స్నార్కెల్ గొట్టాలన్నీ 35, 40 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి.

సరైన సరంజామా 1930లలో, ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, కొద్ది ఏళ్ళలోనే కుదిరింది. ఆంటిబ్‌లో ఉండే అమెరికన్ రచయిత గై గిల్‌పాట్రిక్ పాత విమాన చోదకుల కళ్ళద్దాలకు లప్పం, రంగు పూసి నీళ్ళు దూరకుండా చేసుకున్నాడు. లూయీ ద కోర్లియు అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి 1933లో రబ్బరు రెక్కల పాదాలకు పేటెంట్ పొందాడు. కళ్ళద్దాలతో ఒక చిక్కు ఉంది. లోతుకు పోతే లోపలి గాలి కుంచించుకుపోయి, అద్దం కళ్ళను పీల్చేస్తుంది. కళ్ళతోపాటు ముక్కును కూడా ఒకే అద్దం కిందికి తెస్తే, ముక్కుతో కొంచెం గాలి ఊది ఆ ఒత్తిడి సరిచేసుకోవచ్చు. 1938లో మాక్సిమ్ ఫోర్జో పేటెంట్ తీసుకున్న ముసుగు ఈ పద్ధతిదే. ఊపిరి గొట్టానికి కూడా అదే ఏడు పేటెంట్ తీసుకున్నాడు. అప్పటినుంచి రబ్బరు స్థానంలో సిలికోన్ వచ్చింది, అంతే. ముసుగు సూత్రం మారలేదు.

ఈ సరంజామాతో పరాయి తీరానికి వెళ్ళి మొదటిసారి నీళ్ళ కిందికి చూసిన విద్యార్థి యాత్రికుల్లో అందరికన్నా పేరుమోసినవాడు హాన్స్ హాస్. వియన్నాలో 1919లో పుట్టాడు. 1937 వేసవిలో బడి చదువు ముగించుకుని ఫ్రాన్స్ తీరానికి విహారానికి వెళ్ళాడు. అక్కడ ఒక మనిషి నీళ్ళలో మునిగి, చేతిలో బల్లెంతో చేపను పొడుచుకుని పైకి రావడం చూశాడు. ఆ మనిషి గిల్‌పాట్రిక్. హాస్ అతని దగ్గరే మెళకువలు నేర్చుకున్నాడు. తండ్రి కోరిక మీద లా కోర్సులో చేరాడు కానీ మనసంతా నీళ్ళ కింద ఉండిపోయింది. తర్వాతి ఏడు మిత్రులను వెంటబెట్టుకుని అడ్రియాటిక్ తీరానికి వెళ్ళాడు. 1939లో యోర్గ్ బోలర్, ఆల్‌ఫ్రెడ్ ఫోన్ వుర్జియన్ అనే ఇద్దరు తోటి విద్యార్థులతో అట్లాంటిక్ దాటి, కరీబియన్ సముద్రంలోని కురసావ్, బొనైర్ దీవులకు చేరాడు. చేతిలో పెద్దగా డబ్బు లేదు. నీళ్ళు దూరని పెట్టెలో బిగించిన కెమెరా ఉంది, బల్లేలు ఉన్నాయి.

వాళ్ళు అక్కడుండగా యూరప్‌లో యుద్ధం మొదలైంది. వచ్చిన దారిన తిరిగి పోవడానికి వీలు లేకపోయింది. నెలల తరబడి ఆ దీవుల్లోనే ఉండిపోయారు. కాలక్షేపం కోసం కాదు, పొద్దస్తమానం నీళ్ళలోనే పని. సొరచేప మీదికి దూసుకొస్తే పారిపోకుండా ఎదురుగా ఈదితే అది వెనక్కి తగ్గుతుందని, నీళ్ళలో గట్టిగా అరిస్తే బెదురుతుందని ఆ కుర్రాళ్ళు స్వయంగా పరీక్షించి చూశారు. చివరికి అమెరికా, జపాన్, సైబీరియా మీదుగా భూగోళం చుట్టి 1940లో ఇల్లు చేరారు. హాస్ లా వదిలేసి జంతుశాస్త్రంలో చేరాడు, డాక్టరేట్ చేశాడు. ఆ యాత్రలో తీసిన దృశ్యాలు సినిమాగా వచ్చాయి, రాతలు పుస్తకంగా వచ్చాయి. అతను రానురాను బల్లెం పక్కన పెట్టి కెమెరా ఒక్కటే పట్టుకున్నాడు. నీళ్ళ కింద జీవులను చంపకుండా, బతికి ఉండగానే వాటి నడవడిని చూడడం కూడా చదువే అని ఇరవై ఏళ్ళ వయసులో గ్రహించినవాడు హాస్. అతను వేటాడిన బొనైర్‌లో 1971లో బల్లెం వేటను నిషేధించారు. 1979లో దీవి చుట్టూ ఉన్న జలాలను సముద్ర ఉద్యానవనం చేశారు.

తెలుగు విద్యార్థులకు సముద్రం అడుగు చదువుగా మారింది 1950లలో. అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త 1952లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చాడు. వాల్తేరు విద్యార్థులు అతని వెంట నౌకాదళపు ఓడలెక్కి బంగాళాఖాతం లోతులు, ఉప్పదనం, ఉష్ణోగ్రత కొలిచారు. తీరానికి దూరంగా నీళ్ళ కింద ఉన్న లోయలను గుర్తించి, ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి భూగర్భశాస్త్ర ఆచార్యులు మహదేవన్ పేరూ పెట్టారు. తలలు ముంచి చూసిన చూపు కాదది, శబ్దం పంపి ప్రతిధ్వని విని తెలుసుకున్నది. మన సముద్రం మసకది కాబట్టి మన పిల్లలు దాన్ని చెవితో చదివారు.

కళ్ళతో చూడాలనుకున్న హోసూరు, కృష్ణగిరి కుర్రకారుకు అందుబాటులో ఉన్న విదేశీ తీరం శ్రీలంక. దూరం తక్కువ, ఖర్చు తక్కువ. పైగా ఆ తీరం చరిత్రలో తెలుగు జాడలు అక్కడక్కడ తగులుతాయి. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలిన నాయక్కర్ రాజులు మధుర నాయకుల బంధువర్గం. వాళ్ళ రాజ్యానికి 1766 ఒప్పందంతో డచ్చివాళ్ళు చారెడు సముద్రతీరం కూడా మిగల్చలేదు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ వేలూరు కోటలో బందీగా 1832లో కన్నుమూశాడు. ఇప్పటికీ అనురాధపురం వైపు, అంపార వైపు తెలుగు మాట్లాడే అహికుంటికలు ఉన్నారు. పాములాడించడం వాళ్ళ కులవృత్తి.

త్రికోణమలైలో కోణేశ్వరం గుడి సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొమ్ము మీద ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు పాత గుడిని పడగొట్టారు. 1956లో శ్రీలంకలో స్థిరపడిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్, అతని మిత్రుడు మైక్ విల్సన్ ఆ కొండ కింద నీళ్ళలో దిగి గుడి స్తంభాలను, చెక్కిన రాళ్ళను చూశారు. రాకెట్ల గురించి రాసే మనిషి సముద్రతీరాన్ని ఎందుకు ఎంచుకున్నాడంటే, భూమి మీద బరువు తెలియకుండా తేలగలిగే చోటు అదొక్కటేనని అతని సమాధానం. 1961లో దక్షిణాన గ్రేట్ బాసెస్ దిబ్బ దగ్గర విల్సన్, అతనితో వచ్చిన ఇద్దరు అమెరికన్ బడిపిల్లలు మునిగిపోయిన ఓడ ఒకటి కనిపెట్టారు. అందులో దొరికిన వెండి రూపాయలు 1702 నాటివి, సూరత్ టంకశాలవి, ఔరంగజేబు పేరుతో ఉన్నవి. గోల్కొండను గెలిచిన పాదుషా నాణేలు, ముసుగు తగిలించుకున్న పిల్లల కళ్ళకు దొరికాయి.

త్రికోణమలైకి ఉత్తరాన నీలవేలి. అక్కడినుంచి కిలోమీటరు దూరంలో పావురాల దీవి. బ్రిటిషు కాలంలో తుపాకీ గురి చూసుకోవడానికి వాడుకున్న ఈ దీవిని 2003లో జాతీయ ఉద్యానవనం చేశారు. 1998లో సముద్రం వేడెక్కి శ్రీలంక పశ్చిమ, దక్షిణ తీరాల పగడాలు పెద్దఎత్తున తెల్లబోయి చనిపోయినప్పుడు, ఈ వైపువి చాలావరకు బతికాయి. దీవి ఒడ్డు దగ్గర మనిషి లోతు నీళ్ళలోనే కొమ్ములు కొమ్ములుగా పగడం కనిపిస్తుంది. రెక్క కొసలు నల్లగా ఉండే చిన్న సొరచేపలు తిరుగుతుంటాయి. అవి మనిషి జోలికి రావు.

పీఠభూమి నుంచి వెళ్ళిన విద్యార్థికి ఇక్కడ భాష ఇబ్బంది లేదు, పడవవాళ్ళది తమిళమే. ఇబ్బంది అంతా ఊపిరితోనే. హోసూరు వైపు ఈత అంటే దిగుడు బావి. నడుముకు సొరబుర్ర కట్టి పెద్దవాళ్ళు నీళ్ళలోకి తోసేస్తారు. నాణెం పడేసి, మునిగి తెచ్చే పందేలు ఉంటాయి. ఆ ఈతలో తల నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టాలి. ఒంటికి పట్టిన ఆ అలవాటును ఇక్కడ మానుకోవాలి. నోట్లో గొట్టం, మొహం నీళ్ళలో. ఊపిరి పీల్చమని పడవవాడు చెబుతున్నా శరీరం వినదు. గుండె దడదడలాడుతుంది, పొట్టి పొట్టిగా ఎగశ్వాస వస్తుంది. గొట్టంలో మిగిలిన చెడుగాలే మళ్ళీ లోపలికి పోయి ఆయాసం ఇంకా పెరుగుతుంది. మందు ఒకటే, నెమ్మదిగా, లోతుగా పీల్చి పూర్తిగా వదలడం. నీళ్ళు దూరితే గట్టిగా ఒక్క ఊదు ఊదాలి. అద్దం లోపల ఉమ్మి రాసి కడిగితే మసకపట్టదు. ఇవన్నీ ఏ తీరంలోనైనా మొదటి రోజు చెప్పే పాఠాలే.

ఊపిరి కుదిరాక చూపు తెరుచుకుంటుంది. చేప అందేంత దగ్గరలో ఉన్నట్టు కనిపిస్తుంది, చెయ్యి చాపితే అందదు. నీళ్ళలో ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. చిలుక చేపలు పగడాన్ని కొరికే చప్పుడు చెవులకు స్పష్టంగా వినిపిస్తుంది. ఇదే సముద్రంలో, ఈ దీవికి పడమరగా మన్నారు వైపు, రాయి మీద పాదం పెట్టి దిగినవాళ్ళకు దక్కని చూపు ఇది. వాళ్ళు తెచ్చిన ముత్యాలు రాజుల మెడల్లోకి పోయాయి. చిల్లర ఖర్చుతో అద్దెకు దొరికే ఈ ముసుగు వాళ్ళ కాలానికి అందలేదు. పగడపు తోటల మీద తేలే ప్రతి విద్యార్థికీ ఆ మనుషుల గురించి ఎవరైనా రెండు మాటలు చెబితే బాగుండును. తూత్తుకుడి బడిపిల్లలకు వాళ్ళు తెలుసు, కృష్ణగిరి పిల్లలకు తెలియదు.

చెప్పవలసిన మరో మాట పాదాల గురించి. అలసిపోయిన కొత్తవాళ్ళు నిలబడి ఊపిరి తీసుకోవాలనుకుంటారు, కాలి కింద రాయిలా కనిపించేది పగడం. అది ప్రాణి. కొమ్ముల పగడం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది, గుండ్రాయిలాంటి పగడం సెంటీమీటరు పెరగడమే గగనం. ఒక్క తొక్కుడుకు ఏళ్ళ ఎదుగుదల విరిగిపోతుంది. పావురాల దీవిలో సందర్శకుల పాదాలు, పడవ లంగర్లు చేసిన నష్టం కళ్ళకు కనిపిస్తుంది. లైఫ్ జాకెట్ వేసుకుని తేలుతూ అలసట తీర్చుకోవాలి, లేదా ఇసుక ఉన్న చోటికి ఈది నిలబడాలి.

ఈ తీరంలో సముద్రం మే నుంచి సెప్టెంబరు దాకా నిమ్మళంగా, తేటగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనం దిగాక అలలు లేస్తాయి, నీళ్ళు కలకబారతాయి. కాలేజీల వేసవి సెలవులు ఈ మంచి కాలం మొదట్లోనే వస్తాయి. ఈత రానివాళ్ళు ఆలోగా ఊరి బావిలో సొరబుర్ర కట్టుకుని నేర్చుకోవచ్చు.